నవ్వు మధ్యలో ఆపినాయన

నా చిన్నప్పుడు, మా పుప్పాలగూడ చుట్టూ ఇళ్ళకన్నా గుట్టలే ఎక్కువగా ఉన్న రోజుల్లో, సినిమాల్లో అందరినీ నవ్వించే ఒకాయన నా మంచం పక్కన కాసేపు కూర్చున్నాడు. ఆయన మొన్న చనిపోయాడు. ఫోన్లలో, టీవీల్లో ఆయన ముఖమే తిరిగింది. చూసినవాళ్ళంతా పాత దృశ్యాలకు నవ్వుకుని, ఆ వెంటనే అయ్యో అన్నారు. నేను మాత్రం ఆ ముఖం కనబడగానే ఫోన్ బోర్లా పెట్టేశాను. ఎందుకు పెట్టానో చెప్పాలంటే మిషన్ దవాఖాన నుంచి మొదలుపెట్టాలి.

అప్పుడు నాకు పదేళ్ళుంటాయి. ఇరవైనాలుగు గంటల నొప్పి వచ్చింది. అపెండిక్స్ అనే మాట మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక రోజు లోపల కోయకపోతే మనిషి దక్కడని మాత్రం తెలుసు. మా నాన్న నన్ను సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని, గుట్టల మధ్య బాటలో తొక్కుకుంటూ దవాఖానకు తీసుకుపోయాడు. మా అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, అక్కడే నర్సు. రోజు విడిచి రోజు పట్నం నుంచి వచ్చే డాక్టరు ఆ రోజు అక్కడ ఉండటం మా అదృష్టం. అమ్మ అయితే అది ప్రార్థన ఫలమంటుంది. నేను ఇప్పటికీ అది సగానికి సగం అవకాశం అనే అనుకుంటాను, ఆమె ముందు మాత్రం అనను.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ తర్వాత దగ్గు పట్టుకుంది. ఒక పొద్దున గట్టిగా దగ్గేసరికి రెండు కుట్లు తెగాయి. మళ్ళీ కుట్టారు. ఇంకోసారి తెగితే ఇక్కడ తన వల్ల కాదని, పట్నంలో పెద్ద దవాఖానకు పంపాల్సి వస్తుందని డాక్టరు మా అమ్మతో చెప్పాడు. అమ్మ బయటికి పోయి గోడవైపు తిరిగి నిలబడింది. చిన్నమ్మ ఒక దిండు తెచ్చి నా పొట్ట మీద పెట్టింది.

"దగ్గొచ్చినా నవ్వొచ్చినా గిట్ల రెండు చేతులతోని ఒత్తిపట్టుకో. దగ్గుకు మందున్నది బిడ్డా, నవ్వుకు లేదు. వార్డుల ఎవలన్న నవ్విస్తే నాకు చెప్పు. వాళ్ళ నోరు నేను మూయిస్త."

నేను ఎప్పుడూ చెప్పలేదు. పిల్లలకు వేరే వార్డు లేదు కాబట్టి నన్ను మగవాళ్ళ వార్డులోనే, తలుపు పక్క మంచం మీద ఉంచారు. సాయంత్రం ప్రార్థన అయిపోయాక అక్కడి మనుషులు ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు. కట్లు, పుండ్లు, విరిగిన ఎముకలు, వాటి మధ్య ఆ మాటలే వాళ్ళకు ఉన్న కాలక్షేపం. చిన్నపిల్లవాడి వల్ల అది ఆగిపోయిందని అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. దిండు ఒత్తుకుని నవ్వేవాడిని, ఎంత నొప్పి వేసినా.

ఎప్పుడూ నవ్వని మనిషి ఒకాయన ఉండేవాడు. మా ఊరివాడే, మూలమంచం ఆయనది. నేను పెద్దనాయిన అని పిలిచేవాణ్ణి. మాకు చుట్టరికం ఏమీ లేదు, ఊరి వరస. గుట్ట పగలగొట్టేచోట బండరాయి జారి ఆయన కాలు నలిగింది. కాలు ఉంటుందో తీసేస్తారో డాక్టరు తేల్చి చెప్పడం లేదు. ఆయన పైకప్పు చూస్తూ పడుకునేవాడు. భార్య అన్నం తెస్తే సగం తిని పక్కకు నెట్టేవాడు.

మా గుట్టల మీద అప్పట్లో సినిమా షూటింగులు జరుగుతుండేవి. అలాంటి ఒక షూటింగులో లైట్లు మోసే మనిషి బండల మీద నుంచి జారిపడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆయన్ని తెచ్చి మా వార్డులో నడిమి మంచం మీద పడుకోబెట్టారు. ఎక్కడో సముద్రం వైపు మనిషి, చూడటానికి ఒక్కరూ వచ్చేవారు కాదు. అందుకే ఒక మధ్యాహ్నం తలుపులోంచి, చేతిలో అరటిపండ్ల అత్తంతో ఆ నటుడు లోపలికి వచ్చినప్పుడు ముందు ఎవరూ నమ్మలేదు. సినిమాలో ఉన్నంత లావుగా లేడు. మాసిన తెల్ల చొక్కా. ముఖాన రంగు సగం తుడిచి, చెవుల దగ్గర వదిలేశాడు.

ఆయన నేరుగా లైట్లాయన దగ్గరకు పోయి, చెయ్యి పట్టుకుని ఏదో నెమ్మదిగా మాట్లాడాడు. వార్డు అంతా గుసగుస. చివరికి మూలమంచం మీద నుంచి పెద్దనాయిన గొంతు వినబడింది. అంతవరకు ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేను వినలేదు.

"సారూ, జర మమ్ముల గూడ చూడున్రి. నెల దాటింది నవ్వక."

"రోగులున్న చోటండీ. నర్సమ్మగారు తిడతారేమో" అన్నాడు ఆయన.

"నర్సమ్మ అన్నానికి పోయింది. ఆమె వచ్చేదాక చెయ్యున్రి. వచ్చినంక మేమే తిట్లు తింటం."

ఆయన తలుపు వైపు ఒకసారి చూశాడు. ఆ తర్వాత భుజాలు కిందికి జారాయి, మెడ ముందుకు వచ్చింది, నా కళ్ళ ముందే ఆయన ఇంకో మనిషి అయిపోయాడు. రోగిని పరామర్శించడానికి వచ్చిన చుట్టం అన్నమాట. లైట్లాయన మంచం పక్కన కూలబడి, కన్నీళ్ళు తుడుచుకుంటూ, తను తెచ్చిన అత్తంలోంచే ఒక పండు వలిచాడు. రోగికి ఇవ్వబోతున్నట్టు చెయ్యి చాచి, డాక్టరు ఏమన్నాడని అడిగాడు. ఏమీ తినకూడదన్నాడా అని తనే బదులు చెప్పుకున్నాడు. ఆ మాట అనగానే ముఖంలో దుఃఖం అలాగే ఉంది గానీ చెయ్యి మాత్రం తిన్నగా తన నోటి వైపు తిరిగింది. నమిలాడు. నమలడంలో ఎంత బాధ పడ్డాడంటే, రోగికన్నా ఆయనే ఎక్కువ జబ్బుపడ్డట్టుంది. ఇంకో పండు వలిచాడు. రాత్రి నిద్రపట్టిందా అన్నాడు. ఇంకో పండు. పిల్లలు ఎంతమంది, పాపం, అన్నాడు.

వార్డు అదిరిపోయింది. చేతికి కట్టున్నవాడు రెండో చేత్తో మంచం కోడు బాదాడు. లైట్లాయన నవ్వలేక నవ్వుతూ వద్దు సార్ వద్దు సార్ అన్నాడు. మూలమంచం వైపు చూస్తే పెద్దనాయిన నోరు తెరిచి, కళ్ళు మూసుకుని, శబ్దం రాకుండా వణికిపోతున్నాడు. అది నవ్వే అని అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

నేను దిండు ఒత్తుకున్నాను. ఒత్తుకున్నకొద్దీ నవ్వు ఇంకా లోపలి నుంచి తన్నుకొచ్చింది. కుట్ల దగ్గర ఎవరో సన్నగా నిప్పు గీస్తున్నట్టుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, అవి నవ్వుకు వచ్చినవా నొప్పికి వచ్చినవా నాకే తెలియదు. ఆపమని చెప్పడానికి నోరు రాలేదు. నిజం చెప్పాలంటే ఆపాలని కూడా లేదు.

ఆయన నాలుగో పండు వలుస్తూ వార్డంతా ఒకసారి కలియజూశాడు. ఆ చూపు నా దగ్గరకు వచ్చి ఆగింది. నా ముఖం చూశాడు. ఆ తర్వాత నా చేతులు చూశాడు.

పండు సగం వలిచి ఉంది. ఆయన దాన్ని అలాగే లైట్లాయన పక్కన పెట్టి, భుజాలు సరిచేసుకుని మామూలు మనిషి అయిపోయాడు. అంతే. ఇంకొక్క మాట కూడా లేదు.

నవ్వు కొంచెంసేపు తన పాటికి తనే నడిచి, ఆ తర్వాత అక్కడొకటి ఇక్కడొకటిగా ఆరిపోయింది.

"ఏంది సారూ, గంతేనా?" అన్నాడు ఒకాయన.

"అంతేనండీ. అయిపోయింది."

"అయిపోవుడేంది, ఇప్పుడే గద షురూ అయింది."

ఆయన లైట్లాయనకు దుప్పటి సర్దాడు. వార్డులో గొంతులు మారాయి. టికెట్ కొనలేదని ఇంటర్వెల్‌కే లేపి పంపుతున్నాడని ఒకడన్నాడు. పండ్లు కడుపు నిండా తిన్నాడు, ఇగ మనతోని ఏం పని అని ఇంకొకడు. అందరికన్నా గట్టిగా అన్నది పెద్దనాయిన.

"పెద్ద మనుషుల ముంగట చేస్తడు గానీ మనలాంటోళ్ళ ముంగట ఎందుకు చేస్తడు. మనం మనుషులమా ఏంది."

ఆ మాట ఆయన వీపుకు తగలడం నేను చూశాను. ఆయన వెనక్కి తిరగలేదు. లైట్లాయనకు చెప్పి, బయటికి పోతూ, తలుపు పక్కనున్న నా మంచం మీద అంచున కూర్చున్నాడు, చెప్పు పట్టీ సర్దుకుంటున్నట్టు వంగి. నాకు తప్ప ఎవరికీ వినబడని గొంతుతో మాట్లాడాడు.

"కడుపా?"

తల ఊపాను.

"నాకూ అక్కడే గీత ఉంది. కుట్లు ఆరకముందే ఒక షూటింగులో బండి మీద నుంచి దూకించారు. నువ్వు ఎవరి బండి మీద నుంచీ దూకక్కర్లేదు కదా, జాగ్రత్తగా ఉండు." కొంచెం ఆగి మళ్ళీ అన్నాడు. "ఒక కిటుకు చెప్తాను. షాట్‌లో ఎదుటివాడు నవ్విస్తుంటే నేను నవ్వకూడదు. నవ్వితే రీలు దండగ. అప్పుడు నేను లోపల పదిహేడో ఎక్కం చదువుకుంటాను. రెండో ఎక్కం పనికిరాదు, అది నోరే చదివేస్తుంది. పదిహేడో ఎక్కం దగ్గర ఎవడికీ నవ్వు రాదు."

నేను వాళ్ళ వైపు చూపించి, నా వల్లే ఆపారని చెప్తాను అన్నాను. అన్నానో, లేక అనబోయానో. నాకు గుర్తున్నంతవరకు పెదవులు కదిలాయి.

"వద్దు బాబూ. నన్ను తిట్టుకోనివ్వు. నేను ఇప్పుడే వెళ్ళిపోతాను. నువ్వు ఇంకో వారం వీళ్ళ మధ్యే పడుకోవాలి."

లేచి వెళ్ళిపోయాడు. బయట జీపు చప్పుడయింది.

ఆయన లెక్క ఎంత సరైనదో ఆ వారంలో నాకు తెలిసింది. వార్డులో రోజూ ఆయన్ని తిట్టారు. నన్ను మాత్రం చిన్నపిల్లవాడని ఎప్పటిలాగే ముద్దు చేశారు, ఎవరింటి నుంచి ఏది వచ్చినా నాకు ఒక ముక్క పెట్టారు. నేను పడుకుని పదిహేడో ఎక్కం కట్టుకున్నాను. మా బడిలో పన్నెండు దాకే చెప్పారు. అందుకని పదిహేడుకు పదిహేడు కూడుకుంటూ, తప్పుపోతే మళ్ళీ మొదటికి వచ్చి, నా అంతట నేనే పదింతలదాకా కట్టాను. ఆయన చెప్పింది నిజం. నూటపందొమ్మిది దగ్గరకు వచ్చేసరికి ఎంతటి నవ్వయినా ఆగిపోయేది. కుట్లు నిలిచాయి. ఆ తర్వాత ఎక్కాలు కట్టడం నాకు అలవాటైపోయింది. పదో తరగతితో చదువు ఆగినా, ఇవాళ ఇక్కడ ఎవరు ఇల్లు మొదలుపెట్టినా ఎంత ఇసుక, ఎంత ఇనుము, ఎంత సిమెంటు అని నన్ను పిలిచి అడుగుతారు. దాని మొదలు ఆ మంచం మీదే.

ఇక్కడితో ఆగితే ఇది మంచి జ్ఞాపకమే. నేను ఫోన్ బోర్లా పెట్టాల్సిన పని లేదు.

ఆయన నన్ను మాట్లాడొద్దన్నది ఒక్క వారానికి. నేను ఆ వార్డులో ఉన్నంతకాలానికి. ఇంటికి వచ్చిన రోజే ఆ గడువు తీరింది. ఇంటి అరుగు మీద కూర్చున్నవాళ్ళకు ఆ సాయంత్రమే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. అప్పుడు చెబితే, మరి వారమంతా నోరు మూసుకుని ఎందుకున్నావని అడుగుతారని భయం. రేపు చెబుదామనుకున్నాను. ఒకసారి వాయిదా వేసిన మాట మర్నాటికి ఇంకొంచెం బరువవుతుందని నాకు అప్పుడు తెలియదు.

పెద్దనాయిన కాలు తీయకుండానే బాగైంది. కొంచెం కుంటుతూ నడిచేవాడు. ఊళ్ళో ఆయనకు మాట ఉంది, ఆ మాటతో పాటే ఆ నటుడి పొగరు కథ కూడా ఊరంతా తిరిగింది. కొన్నేళ్ళకు మళ్ళీ మా గుట్టల మీద షూటింగు పెట్టారు. మే నెల. మధ్యాహ్నం పూట నటులు కూర్చోవడానికి నీడ కావాలని అడిగితే పెద్దనాయిన తన ఇంటి వసారా ఇచ్చాడు. అందరికీ ఇచ్చి, ఆ నటుడు ఒక్కడికీ లేదన్నాడు. సినిమావాళ్ళు ఏదో సర్దిచెప్పబోయారు. ఆయనే వద్దని చెయ్యి ఊపి, పోయి వ్యాన్‌లో కూర్చున్నాడు. రేకుల వ్యాన్. తలుపు తెరిచి పెట్టుకుని, తువ్వాలుతో విసురుకుంటూ, వసారా వైపు కాకుండా గుట్టల వైపు చూస్తూ కూర్చున్నాడు. నాకప్పటికి మీసం మొలుస్తోంది. వేపచెట్టు కింద నిలబడి చూశాను. వ్యాన్ దాకా పోయి రెండు మాటలు చెప్పేంత దూరమే. పెద్దనాయిన వైపు పోయి చెప్పేదీ అంతే దూరం. రెండు వైపులా పోలేదు. ఇంటికి పోయి నీళ్ళు తాగి పడుకున్నాను.

ఆ తర్వాత టీవీలు వచ్చాయి. ఆయన సినిమా వచ్చినప్పుడల్లా పెద్దనాయిన కథ ఎత్తుకునేవాడు. అక్కడ నేనుంటే నా వైపు చెయ్యి చూపేవాడు.

"నేనొక్కణ్ణే అంటలేను. వీడు గూడ ఉండె ఆ వార్డుల. అడుగున్రి వీణ్ణి."

నేను తల ఊపేవాడిని. మొదటిసారి ఊపినప్పుడు మెడ పట్టేసినట్టుంది. తర్వాత్తర్వాత అలవాటైంది. అబద్ధం చెప్పలేదు కదా, వార్డులో ఉన్నమాట నిజమే కదా అని నాకు నేను సర్దిచెప్పుకునేవాడిని. లెక్కల మనిషిని కాబట్టి ఆ సర్దుబాటు ఎంత తప్పో నాకు బాగా తెలుసు. సగం కొలత చెప్పి మిగతా సగం మింగితే ఆ గోడ నిలవదు.

గుట్టలు పోయాయి. దవాఖాన ఉన్నచోట ఇప్పుడేముందో ఆనవాలు పట్టలేను, అద్దాల మేడలన్నీ నాకు ఒకేలా కనబడతాయి. పెద్దనాయిన మనవడు తమకున్న జాగాలో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసే పిల్లల కోసం హాస్టల్ కడుతున్నాడు. నేనే లెక్క కట్టి ఇస్తున్నాను. మొన్న పొద్దున ఇద్దరం ఇసుక కుప్ప దగ్గర చాయ్ తాగుతుంటే ఫోన్ చూసి ఆ నటుడు పోయాడని చెప్పాడు. ఆ వెంటనే అన్నాడు.

"మస్తు నవ్విస్తుండె గానీ మనిషికి ఫుల్ పొగరంట గద కాకా. మా తాత చెప్తుంటడు. నువ్వు గూడ చూసినవంట గద."

నా తల ఊగబోయింది. నలభై ఏళ్ళ అలవాటు. ఆపుకున్నాను.

"లేదు. పొగరు కాదు. నా కుట్ల కోసం ఆపిండు" అన్నాను.

"ఏం కుట్లు?"

చెప్పాను. దిండు, పండు, ఆయన చూపు, వారం. చాయ్ చల్లారిపోయింది. మనవడు, మరి ఇన్నేండ్లు మా తాతకెందుకు చెప్పలేదని అడిగాడు. చిన్నప్పుడు నేను భయపడ్డ ప్రశ్న అదే. ఇంత మామూలుగా వస్తుందనుకోలేదు. కప్పు కింద పెట్టి లేచి వాళ్ళ ఇంటికి నడిచాను.

పెద్దనాయినకు ఎనభై దాటాయి. చూపు మందగించింది గానీ చెవులు బాగానే పనిచేస్తాయి. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లోపల టీవీలో ఆ నటుడి పాత దృశ్యమేదో వస్తోంది, ఇంట్లోవాళ్ళు నవ్వుతున్నారు. కింద మెట్టు మీద కూర్చుని మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"నీ దిండు సంగతేనా?"

మెట్టు మీద నుంచి తలెత్తి ఆయన వైపు చూశాను.

"నేను చూసిన. మిగిలినోళ్ళు చూసిన్రో లేదో నాకు తెల్వదు. ఆయన నీ దిక్కు చూసుడు, చెయ్యి ఆపుడు, మొత్తం చూసిన."

"మరి అట్ల తిట్టినవేంది పెద్దనాయినా?"

లోపల నవ్వులు ఆగి ప్రకటనలు వచ్చాయి.

"నా కాలు పోతదని ఎదురుచూసుకుంట పడుకున్న. అన్ని దినాలకు ఒక్కసారి నవ్వొచ్చింది. గదే నడుమల తెగిపాయె. నిన్ను తిట్టనీకి మనసొప్పలే, పసిపోరనివి. కోపం ఎవలి మీదనో ఒకలి మీద పోవాలె. ఆయన మీద పోయింది."

"ఆ దినం సరే. తర్వాత?"

"తర్వాత కథ మంచిగుండె." ఆ మాట సిగ్గుపడుతూ అన్నాడు. "అందరు నవ్వుతుండ్రి. నేను చెప్తె నవ్వేది గదొక్కదానికే. ఆ ఎండల వ్యాన్ల కూసోబెట్టినప్పుడు మాత్రం మనసు గుంజింది. ఐనా చెప్పుకుంటనే పోయిన."

నేనే మళ్ళీ అడిగాను, మరి ప్రతిసారీ నన్నెందుకు సాక్ష్యం పిలిచేవాడివని. ఆయన తల నా వైపు తిప్పాడు. కళ్ళు నా మీద కాకుండా నా పక్కగా ఎక్కడో నిలిచాయి.

"నువ్వు అంటవేమోనని. లే పెద్దనాయినా, గట్ల కాదు అని నువ్వొక్క మాటంటే నేను గూడ బంద్ జేద్దునేమో. నువ్వు తలకాయ ఊపితివి. ఆయన కుట్లు కాపాడింది నీవి. నీకే లేని బాధ నాకెందుకని ఊకున్న."

ఆయన కఠినంగా అనలేదు. ఉన్నమాట చెప్పాడు. నన్ను తిట్టి ఉంటే మోయడం తేలికయ్యేది. ఇన్నేళ్ళూ నేను నా ఒక్కడి మౌనాన్ని లెక్క వేసుకుంటూ వచ్చాను. ఇంకొక మనిషి తన మాటను నా తల ఊపు మీద ఆనించి నిలబెట్టుకున్నాడని నా లెక్కలో ఎప్పుడూ రాలేదు. నేను ఒక్కసారి అడ్డంగా ఊపి ఉంటే ఆ కథ అక్కడే కూలేది. ఆ నటుడు బతికుండగానే.

లేవబోతుంటే పెద్దనాయిన నా భుజం పట్టుకుని, పోయినాయన ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఉన్నారా, పోయి చెప్దామా అని అడిగాడు. ఏ ఊళ్ళో ఉన్నారో నాకూ తెలియదు. తెలిసినా ఏం చెబుతాం. మీ నాన్న పొగరుబోతు కాదని వాళ్ళకు మేము చెప్పాలా. వాళ్ళకది ముందే తెలుసు. తెలియనిది మా ఊరికే. ఆ మాటే అన్నాను. అయితే మన ఊరోళ్ళకే చెప్పాలె అన్నాడు ఆయన. ఆ సాయంత్రం లోపలికి పోయి కోడళ్ళను, కొడుకులను కూర్చోబెట్టి చెప్పాడట. సగం మంది నమ్మలేదట. పాత కథే బాగుందన్నారట.

మర్నాడు హాస్టల్ దగ్గరకు పోయేసరికి మనవడు మేస్త్రీలకు చెబుతున్నాడు. మా కాకకు చిన్నప్పుడు పేగు తెగితే ఆ నటుడు షూటింగు ఆపుకుని వచ్చి రక్తమిచ్చిండని. మేస్త్రీలు నా వైపు భక్తిగా చూశారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే భయం కూడా వేసింది. ఒక అబద్ధం పోయి ఇంకోటి రావడానికి ఒక్క రాత్రి చాలింది.

"రక్తమియ్యలే. షూటింగు ఆపలే. నవ్విచ్చుడు నడుమల ఆపిండు, గంతే" అన్నాను.

"గట్ల చెప్తె ఏముంటది కాకా? జర పెద్దగ ఉండాలె గద."

"ఉన్నదే చాలు. ఇగ మిగిలింది గూడ చెప్పు. నేను ఇన్నేండ్లు తల ఊపిన అని చెప్పు."

వాడు చెప్పలేదు. నేనే చెప్పాను, ఇటుకల మీద కూర్చుని, ఆ మేస్త్రీలకు. ఒకడు మధ్యలో ఫోన్ వస్తే లేచిపోయాడు. మిగిలిన ఇద్దరూ చివరిదాకా విని, పని మొదలుపెడదామా సారూ అన్నారు.

ఇప్పుడు ఆయన పేరు ఎక్కడ వినబడినా, అడగకపోయినా, నేను ఆ మధ్యాహ్నం గురించి చెబుతున్నాను. జరిగినదానికి చిటికెడు కూడా కలపను. ఆయన్ని దేవుణ్ణి చేయను. చెబితే బరువు తగ్గుతుందనుకున్నాను గానీ ఇంతవరకు తగ్గలేదు, తగ్గుతుందని చూడటం కూడా మానేశాను. ఆయనను ఎండలో కూర్చోబెట్టింది మేమేనని చెప్పే చోట నా గొంతు ఇప్పటికీ కిందికి దిగిపోతుంది. అక్కడ ఆపేస్తే వినేవాళ్ళకు సుఖంగా ఉంటుందని తెలుసు. మంచివాడొకడు ఉండేవాడని అనుకుని లేచిపోతారు. అందుకే అక్కడ ఆపను. వేపచెట్టు కింద నిలబడ్డది ఎవరో కూడా చెప్పి ఆపుతాను.